పిల్లల భుజానికి తగ్గ తూటా

ఆదివారం, కొట్టు లేదు. ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో టెక్సాస్ నుంచి బావ వీడియో కాల్. వాళ్లకింకా శనివారం రాత్రే. అక్క కనిపిస్తుందనుకుంటే గ్యారేజీ కనిపించింది. బల్లకు బిగించిన ఇనుప ప్రెస్సు, డబ్బాలో కాల్చేసిన తూటాల ఇత్తడి కేసులు, పక్కన చిన్న డిజిటల్ త్రాసు.

"మీవాడికి తూటాలు కడుతున్నా బామ్మర్దీ" అన్నాడు.

మేనల్లుడికి పదకొండేళ్లు. అక్కడ జింకల వేట సీజను మొదలయ్యే ముందు పిల్లల కోసమే ఒక వారాంతం కేటాయిస్తారు. వీడు పోయినసారి బావ రైఫిల్ ఒక్కసారి పేల్చి, భుజం పట్టుకుని, మళ్లీ దాని దగ్గరికి పోలేదట. అందుకని తక్కువ తుపాకి మందుతో, తూటా కొన నుంచి ఎగిరిపోయే తేలికపాటి బుల్లెట్‌తో మెల్లగా తన్నే తూటాలు తయారు చేస్తున్నాడు. మా అమ్మ వెనకనుంచి విని, "జింకనా? పాపం రా, జైలుకు పోతాడేమో కనుక్కో" అంది. అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడతారని, ఇక్కడే 1972 వన్యప్రాణి చట్టం కింద నిషేధమని చెప్పినా ఆమెకు నచ్చలేదు. నాకూ పెద్దగా నచ్చలేదు గానీ, ఆ త్రాసు చూశాక కదల్లేకపోయాను.

మాది ప్రొద్దుటూరు, బంగారు పని. మిల్లీగ్రాముల్లో బతికేవాళ్లం. బావ మందును గ్రెయిన్లలో తూస్తాడు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మా నాయన తరం గురిగింజలతో తూసేది కదా, ఒక గురిగింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. బావ త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు దాకా చూపిస్తుంది. మా కొట్లో అంతకన్నా మంచిదుందని చెప్పాను. నవ్వాడు.

పనంతా చూపించాడు. కేసు అడుగున మందుకు నిప్పంటించే చిన్న మూత, అదే ప్రైమర్, పాతది కొట్టేసి, ఉబ్బిన కేసును ప్రెస్సులో నొక్కి మళ్లీ సైజుకు తెచ్చి, కొత్త ప్రైమర్ దిగ్గొట్టి, మందు పోసి, పైన బుల్లెట్ కూర్చోబెడతాడు. చూడ్డానికి సులువే. మెలిక మందు దగ్గరుంది. తన్ను తగ్గాలంటే మందు తగ్గించేస్తే సరిపోతుందనుకున్నాను. "అట్లా చేసినోళ్ల చేతులు పోయినాయి" అన్నాడు బావ. నిదానంగా మండే మందును పెద్ద కేసులో బాగా తగ్గించి పోస్తే, ఒత్తిడి తగ్గడానికి బదులు ఒక్కోసారి ఉన్నట్టుండి పెరిగి తుపాకీయే పగలొచ్చట. లేదంటే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా ఇంకోటి పేలిస్తే గొట్టం చీలిపోతుంది. అందుకే తగ్గించొచ్చని తయారీదారే చెప్పిన మందే వాడాలి, చెప్పినంతే తగ్గించాలి. హాడ్జ్‌డన్ కంపెనీ హెచ్ 4895 అనే మందును గరిష్ఠ మోతాదులో కనీసం 60 శాతం ఉండేలా తగ్గించొచ్చని వాళ్లే రాసిచ్చారు. ఆ పేజీ ఆయన గోడకు అంటించుకున్నాడు.

ఇంకో తిప్పలుంది. మందు తక్కువ కాబట్టి కేసు సగమే నిండుతుంది. పొరపాటున రెండోసారి పోసినా పొంగిపోదు, తెలియదు. కేసులన్నీ ఒక చెక్క పలకలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు ఒక్కోదాంట్లోకి టార్చి వేసి మందు మట్టం చూస్తాడట. మందు పోయడం మొదలుపెట్టేటప్పుడు మాత్రం, "ఇంక ఫోన్ పెట్టేస్తా, మాట్లాడుతూ ఈ పని చేయకూడదు" అని కట్ చేసేశాడు. మనిషంటే నాకు గౌరవం పెరిగిందక్కడే. మా కొట్లోనూ త్రాసు దగ్గర ఎవడైనా కబుర్లు పెడితే నాయన ఊరుకోడు.

ప్రొద్దుటూరు అనగానే బయటి ఊళ్లవాళ్లకు బంగారం, తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు గుర్తొస్తాయి. బాంబులు, తుపాకులు మాకు ఉగ్గాని లాంటివనుకుంటారు. నిజానికి మా ఇంట్లో తుపాకీ జోలికి పోయింది ఇద్దరే. ఒకరు నాయన, డెబ్బైల్లో కడపలో కాలేజీ ఎన్‌సీసీలో. ఇంకొకరు మా పాప. తొమ్మిదో తరగతి, అదీ ఎన్‌సీసీయే, వచ్చే వారం క్యాంపులో ఫైరింగు ఉంది. మనదగ్గర ఇంట్లో తూటాలు కట్టుకోవడం కుదరదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఆ అవసరమూ లేదు. పిల్లలకిచ్చేది పాయింట్ టూ టూ రైఫిల్, పుట్టుకతోనే మెత్తనిది. దాని కేసు అంచులోనే ప్రైమర్ మందు ఉంటుంది కాబట్టి ఒకసారి పేలిస్తే మళ్లీ నింపేది కూడా కాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాయన మొదలుపెట్టాడు. ఆయన కాల్చింది త్రీ నాట్ త్రీ రైఫిల్. "భుజం వారం రోజులు నల్లగా కమిలిపోయింది. అట్లా తింటేనే వస్తుంది. ఇప్పటి పిల్లలకు బొమ్మ తుపాకులిస్తున్నారు."

పాప మొహం చూశాను. అప్పటిదాకా ఉత్సాహంగా ఉన్న పిల్ల అన్నం కెలుకుతోంది.

త్రీ నాట్ త్రీ బుల్లెట్ పదకొండు గ్రాముల పైమాట, సెకనుకు 740 మీటర్ల వేగం. టూ టూ బుల్లెట్ 2.6 గ్రాములు, వేగం అందులో సగం కూడా ఉండదు. బరువును వేగంతో గుణించి చూస్తే టూ టూ ఊపు త్రీ నాట్ త్రీ ఊపులో సుమారు పదో వంతే. వెనక్కి తన్నే శక్తి ఆ ఊపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఇంకా చాలా తగ్గిపోతుంది. బావ లెక్కా ఇదే. ఊపు మూడో వంతు తగ్గిస్తే తన్ను సగానికి పైగా తగ్గుతుంది. కాగితం మీద వేసి పాపకు చూపించాను. కొంచెం నమ్మింది.

నాయన మాట మాత్రం తప్పు. ఆ మాట ఆయనతో అనలేదు గానీ ఇక్కడ రాసుకుంటున్నా. బెండు కట్టకుండా బావిలోకి తోస్తే ఈత రాదు, నీళ్లంటే భయం వస్తుంది. తుపాకీ కూడా అంతే. ఒక్కసారి గట్టిగా తన్నించుకున్న పిల్ల, తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుంటుంది, భుజం బిగబట్టేస్తుంది, గొట్టం కిందికి పోతుంది. అది పోగొట్టడానికి నెలలు పడుతుంది. బావ దాన్ని పట్టుకునే ఉపాయం ఒకటి చెప్పాడు. మేనల్లుడికి తెలియకుండా అసలు తూటాల మధ్య మందు లేని ఉత్తి తూటా ఒకటి పెడతాడట. 'టక్' మన్నప్పుడు గొట్టం కదిలిందంటే వాడింకా భయపడుతున్నట్టే. ఆరోజుకు పెద్ద రైఫిల్ పక్కనపెట్టి టూ టూ ఇస్తాడు.

భయంలో సగం తన్ను కాదు, చప్పుడు. మేనల్లుడికి చెవుల్లో ప్లగ్గులు, వాటిమీద ఇయర్‌మఫ్‌లు, రెండూ పెడతారట. భుజానికి ఆనించే బట్ కూడా వాడి చెయ్యి పొడవుకు తగ్గట్టు కోయించాడు. పొడవు బట్ భుజంలో సరిగ్గా ఆనక చిన్న తన్ను కూడా పెద్దదవుతుంది.

సాయంత్రం పాప మిద్దె మీద చాప వేసుకుని బోర్లా పడుకుని, గొడుగుతో ప్రాక్టీసు చేసింది. ఊపిరి సగం వదిలి ఆపడం నాయనే నేర్పించాడు. అది ఆయనకు బాగా వచ్చు. తర్వాత పాప ఎయిర్ రైఫిల్ సంగతి ఎత్తింది. షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది దాంతోనేనట. గుండు అర గ్రాము, తన్నేదేమీ ఉండదట. ధర ఎంతో కనుక్కున్నాను. క్యాంపు అయ్యాక చూద్దామన్నాను.

చీకటిపడ్డాక మెడికల్ షాపుకెళ్లి ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు తెచ్చాను. దూది చాలదా అన్నాడు నాయన. చాలదన్నాను. సరే, దాని స్నేహితురాలికి కూడా ఒక జత తేవాల్సింది కదా అన్నాడు.