ఆరు తొట్లు, ఒక్క పంపు

భీమవరంలో రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్ల మోత వింటూ పెరిగినవాణ్ణి, ఆరు గాజు అక్వేరియం తొట్లకి కలిపి ఒక పంపు ఎంచుకోలేనా అనుకున్నాను. డబ్బా మీద గంటకి 3,000 లీటర్లు అని చూసి కొనేశాను. బిగిస్తే పై వరుస తొట్లలోకి నీళ్లు సన్నగా, మొహమాటపడుతూ వస్తున్నాయి. ఆ 3,000 ఎత్తు సున్నా ఉన్నప్పటి లెక్కట! మాకేమో సంపు నుంచి, అంటే తొట్ల కింద పంపు ఉండే నీళ్ల తొట్టి నుంచి, పైకి మీటరున్నర. పైగా అరంగుళం పైపు, నేను ఉత్సాహంగా పెట్టిన ఏడు ఎల్బోలు, అదే పైపు మలుపులు. పంపు తప్పేం లేదు పాపం.

అంగుళం పైపు వేసి, ఎల్బోలు మూడుకి తగ్గించి, తొట్టికో బాల్ వాల్వు పెట్టాక దారికొచ్చింది.

తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే తొట్లలోని నీళ్లు అదే పైపులోంచి వెనక్కి దిగిపోయి, సంపు పొంగి, హాలంతా గోదారే. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు లేక కాదు, దాంట్లో నాచు ఇరుక్కుని మూసుకోలేదు. ఇప్పుడు ప్రతి తొట్టిలో పైపుకి నీటిమట్టం కిందే చిన్న చిల్లు పెట్టాను. నీళ్లు అక్కడికి దిగగానే పైపు గాలి పీల్చుకుని, నీళ్లని కిందికి లాగే సైఫన్ తెగిపోతుంది. సంపులో కూడా కొంత ఖాళీ ఉంచుతున్నాను.

మా ఆవిడ మాత్రం తుడుపుగుడ్డ ఇంకా అక్కడే ఉంచింది.