ఎల్‌హెచ్ ఎక్కాలా, ఎల్‌ఎఫ్ ఎక్కాలా? ఎమ్మెమ్టీఎస్‌లో నాటకానికి వెళ్లేవాళ్ల కోసం

రవీంద్రభారతిలో సాయంత్రం ఆరున్నరకు నాటకం ఉందనుకోండి. చందానగర్‌లోనో హఫీజ్‌పేటలోనో ఉండేవాళ్లకి ఆ వేళప్పుడు కారు తీయడం కన్నా ఎమ్మెమ్టీఎస్, అంటే హైదరాబాద్ లోకల్ రైలు, ఎక్కడమే మేలు. కాకపోతే సరైన బండి ఎక్కాలి.

బండి పేరులో మొదటి అక్షరం బయల్దేరే చోటు, రెండోది చేరే చోటు. ఎల్ అంటే లింగంపల్లి, ఎఫ్ అంటే ఫలక్‌నుమా, హెచ్ అంటే హైదరాబాద్. కొత్తవాళ్లు తికమకపడేది ఈ హెచ్ దగ్గరే. రైల్వేవాళ్ల లెక్కలో హైదరాబాద్ అంటే నాంపల్లి స్టేషన్ ఒక్కటే. సికింద్రాబాద్, కాచిగూడ, బేగంపేట అన్నీ వేరే ఊళ్ల కిందే లెక్క! కాబట్టి రవీంద్రభారతికి ఎల్‌హెచ్ ఎక్కి లక్డీకాపూల్‌లో దిగాలి. అక్కడి నుంచి ఓ పావుగంట నడక.

ఎల్‌ఎఫ్ ఎక్కితే మాత్రం లక్డీకాపూల్ రానే రాదు. బేగంపేట దాటాక పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి పోతుంది. ఇంకోటి సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కి. ఇవి కాక సికింద్రాబాద్ నుంచి నాంపల్లికి నేరుగా పోయే పట్టాలు మూడో భుజం. హుస్సేన్‌సాగర్ జంక్షన్ అనేది ఈ త్రిభుజమే. పొరపాటున ఎల్‌ఎఫ్ ఎక్కినవాళ్లు బేగంపేటలోనే దిగిపోవాలి. తర్వాతి ఎల్‌హెచ్ వెంటనే ఉంటే సరి, లేకపోతే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. ఎమ్మెమ్టీఎస్ టికెట్ మెట్రోలో చెల్లదు, మళ్లీ కొనాల్సిందే.

బేగంపేట దగ్గర బండి ఊరికే ఎందుకు నిలబడిపోతుందని అందరూ విసుక్కుంటారు. దానికి కారణం కూడా ఆ త్రిభుజమే. అక్కడ ఒక దారి ఇంకో దారిని నేల మీదే కోసుకుంటూ పోతుంది, పై వంతెన లేదు. సికింద్రాబాద్ వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తుంటే నాంపల్లి వైపు మలుపు తిరగాల్సిన లోకల్ సిగ్నల్ కోసం ఆగాలి. ముంబైలో చాలాచోట్ల లోకల్ బళ్లకి విడిగా పట్టాలున్నాయి. ఇక్కడ ఎమ్మెమ్టీఎస్ చాలావరకు దూరప్రాంతాల బళ్లతో, గూడ్సులతో కలిసి పరుగెత్తాలి. ఆ వరసలో లోకల్ తరచూ ఆగి దారివ్వాల్సి వస్తుంది.

ఈ బండి 2003 ఆగస్టు 9న మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరి సగం ఖర్చు పెట్టుకున్నాయి. తక్కువ ఖర్చులో అయిపోవడానికి కారణం, పట్టాలు అప్పటికే ఉండటం. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా ఉన్నది 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి వచ్చిన నిజాం కాలపు బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైను. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. కాచిగూడ, ఫలక్‌నుమా వైపుది మీటర్‌గేజ్ (ఇరుకు పట్టాల) లోకం, అది బ్రాడ్‌గేజ్‌గా మారింది 1990ల్లోనే. అది మారకపోయి ఉంటే లింగంపల్లిలో ఎక్కి ఫలక్‌నుమాలో దిగడమనే మాటే లేదు. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు, 2024 మార్చిలో మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ వైపు బళ్లు వేశారు. అటు బళ్ల సంఖ్య మాత్రం తక్కువే. టైం చూసుకోకుండా స్టేషన్‌కి వెళ్తే ప్లాట్‌ఫారమ్ మీద బెంచీయే గతి.

ఇక కళల సంగతి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, రాష్ట్ర మ్యూజియం, ఆ పక్కనే తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం. వీటన్నిటికీ నాంపల్లిలో దిగడమే సుళువు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి కూడా నాంపల్లి నుంచి నడిచే వెళ్లొచ్చు, ఆ రోజుల్లో ఆటోవాళ్లతో బేరం కన్నా నడకే త్వరగా తేలుతుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి ఏకంగా తన పేరు మీదే స్టేషన్ ఉంది. 1939లో ప్రారంభమైన ఆ గులాబీరంగు గ్రానైట్ కట్టడం చూడాలంటే పొద్దున పూట దిగండి. హైటెక్ సిటీ స్టేషన్ మాత్రం పేరుకే. శిల్పారామానికి, మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీకి అక్కడి నుంచి నడవలేరు, ఆటో కట్టాలి.

ఖైరతాబాద్‌లో ఏడాదంతా దిగేవాళ్లు వేరు, వినాయక చవితికి దిగేవాళ్లు వేరు. ఇక్కడి గణపతిని 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారు, 2024లో ఆయన ఎత్తు 70 అడుగులు. పనిని ఏళ్ల తరబడి నడిపిస్తున్న శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్. చూడాల్సింది చవితి తర్వాత కాదు, చవితికి నెల ముందు. ఇనుప చట్రం, దాని మీద వరిగడ్డి, మట్టి, ఆపైన రంగులు ఒక్కో పొరగా పడటం అప్పుడే కనపడుతుంది. గర్దీ ఉండదు, నిలబడి చూడనిస్తారు. నిమజ్జనం రాత్రి రైల్వే అర్ధరాత్రి దాటాక కూడా ప్రత్యేక బళ్లు నడుపుతుంది. అవి ఎక్కడానికి నెక్లెస్ రోడ్ స్టేషన్ మంచిదనిపిస్తుంది గానీ అక్కడే తొక్కిసలాట ఎక్కువ. ఒక స్టేషన్ వెనక్కి నడిచి ఎక్కడం తెలివైన పని. ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్ స్టేషన్ల మధ్య ఉన్న ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద 2016 నుంచి పెద్ద పెద్ద బొమ్మలున్నాయి. మనుషులు కాపురముంటున్న ఇళ్లవి. ఫొటో తీసేముందు అడగండి.

ఫలక్‌నుమా వైపు అందం వేరే. కాచిగూడలో బండి ఆగగానే దిగి బయటికొచ్చి వెనక్కి తిరిగి చూడాలి. 1916 నాటి గుమ్మటాలు, మినార్లు ప్లాట్‌ఫారమ్ మీది నుంచి సరిగా కనపడవు. పరదా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా రాకపోకలు సాగించడానికి అప్పట్లో ఇక్కడ విడి ఏర్పాటుండేది. సాలార్‌జంగ్ మ్యూజియానికి డబీర్‌పురాలో దిగి ఆటో ఎక్కాలి, శుక్రవారం సెలవు. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు బయల్దేరేది ఈ డబీర్‌పురా నుంచే. ఆ రోజు దారులు మూసేస్తారు కాబట్టి రైలే దిక్కు. బోనాలకి కూడా ఇదే లెక్క: లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకి జేమ్స్ స్ట్రీట్, లాల్‌దర్వాజాకి ఉప్పుగూడ.

టికెట్ 5 రూపాయల నుంచి మొదలు. ఫోన్‌లో కాగితం లేని టికెట్ తీసుకునేవాళ్లు స్టేషన్‌కి చేరకముందే తీసేసుకోవాలి, పట్టాల దగ్గరికొచ్చాక యాప్ ఇవ్వదు. మర్చిపోతే స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి.

అసలు చిక్కు ఆదివారంతో. ఆఫీసులు లేని రోజని చాలా బళ్లు రద్దు చేస్తారు. ఊళ్లో నాటకాలు, నాట్య ప్రదర్శనలు, పుస్తకావిష్కరణలు పెట్టుకునేది కూడా ఆదివారమే! ఆఫీసుకి పోయే మనిషినే లెక్కలో పెట్టుకుని వేసిన టైంటేబుల్ ఇది. అందుకే ఆదివారం వెళ్లేటప్పుడు బండి దొరికినా, తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోకండి. రవీంద్రభారతి నుంచైతే అసెంబ్లీ మెట్రో, నుమాయిష్ నుంచైతే గాంధీభవన్ మెట్రో దగ్గర.