మెయ్‌యువాన్ నుంచి లూషాన్ దాకా

చైనా పాత రాజధాని నాన్‌జింగ్ వెళ్ళినవాళ్ళందరూ ప్రెసిడెన్షియల్ ప్యాలెస్ చూస్తారు. కమ్యూనిస్టులతో అంతర్యుద్ధం చేసిన అప్పటి ప్రభుత్వాధినేత చియాంగ్ కై షేక్ ఆఫీసు గది అక్కడే. దానికి తూర్పున, నడిచి వెళ్ళేంత దూరంలోనే మెయ్‌యువాన్ అనే చిన్న వీధి ఉంది. నేను ఆ ఊరు వెళ్ళిందే ఆ వీధి కోసం. 1946 మే నుంచి 1947 మార్చి దాకా ఆ ప్రభుత్వంతో శాంతి చర్చలకు వచ్చిన కమ్యూనిస్టుల బృందం అక్కడి 17, 30, 35 నంబరు ఇళ్ళలో ఉండేది.

అక్కడ మెడిసిన్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు తోడొచ్చాడు. బోర్డులు చదివి చెప్పే పని వాడిదే. 30 నంబరు ఇంట్లో ఆ బృందం నాయకుడు చౌ ఎన్‌లై, భార్య డెంగ్ యింగ్‌చావో ఉండేవాళ్ళు. పెద్ద ఇల్లేం కాదు. కానీ ప్రహరీ గోడ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మొదట ఉన్న గోడ మీద మళ్ళీ గోడ లేపారు. చుట్టుపక్కల నుంచి ప్రభుత్వ గూఢచారులు రాత్రింబగళ్ళు కనిపెట్టి ఉండేవాళ్ళట. శాంతి చర్చలకు పిలిచి, వచ్చినవాళ్ళ వాకిట్లోకి తొంగిచూడటం! నాకు మనసంతా అదోలా అయిపోయింది.

"పక్క వీధిలోనే ఉన్నారు కదా బాబాయ్, మధ్యలో అమెరికా ఆయన ఎందుకు?" అన్నాడు మావాడు.

ఆ అమెరికా ఆయన జనరల్ జార్జ్ మార్షల్. రెండు పక్షాలకూ రాజీ కుదర్చడానికి 1945 డిసెంబరులో వచ్చాడు. అంతకుముందు ఆగస్టులో అమెరికా రాయబారి హర్లీ కమ్యూనిస్టు నాయకుడు మావోని వెంటబెట్టుకుని, చియాంగ్ ప్రభుత్వం అప్పుడున్న చోంగ్‌చింగ్ తీసుకొచ్చాడు. మావో అక్కడ 43 రోజులున్నాడు, అక్టోబరు 10న ఒప్పందం కుదిరింది. అయినా కాల్పులు ఆగలేదు. మార్షల్ వచ్చాక 1946 జనవరి 10న కాల్పుల విరమణ కుదిరింది. దాని అమలు చూడటానికి బీజింగ్‌లో ఒక వైద్య కళాశాల భవనాల్లో ఆఫీసు పెట్టారు. ఎక్కడ గొడవ జరిగితే అక్కడికి ముగ్గురు వెళ్ళేవాళ్ళు: ఒక అమెరికన్, ఒక కువోమింటాంగ్ (చియాంగ్ పార్టీ) అధికారి, ఒక కమ్యూనిస్టు. ఫిబ్రవరి 25న ఇంకా పెద్ద మాటే రాసుకున్నారు. 18 నెలల్లో సైన్యాలు తగ్గించి, ప్రభుత్వానికి 50, కమ్యూనిస్టులకు 10 డివిజన్లు మాత్రమే ఉంచాలని. చదువుతుంటే ఇప్పటికీ ఆశ పుడుతుంది.

అది ఈశాన్య చైనాలోని మంచూరియాలో చెడింది. సోవియట్ సైన్యం ఖాళీ చేస్తున్న ఊళ్ళ కోసం ఇద్దరూ పరుగెత్తారు. అక్కడి సిపింగ్ ఊరి దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఘోరంగా కొట్టుకున్నారు. ఇక్కడ అమెరికా తప్పు కూడా దాచకూడదు. ఒక చేత్తో రాజీ చేస్తూ, ఇంకో చేత్తో ప్రభుత్వ సైనికుల్ని లక్షల్లో ఓడల్లో, విమానాల్లో తరలించింది. అలాంటి మధ్యవర్తి మాట అవతలి పక్షం ఎంతకాలం వింటుంది?

మర్నాడు పాత షియాగువాన్ స్టేషను వైపు వెళ్ళాం. 1946 జూన్ 23న షాంఘై నుంచి కొందరు పెద్దలు, ప్రొఫెసర్ మా షూలున్ నాయకత్వంలో, యుద్ధం వద్దని వేడుకోవడానికి రైలెక్కి వచ్చారు. స్టేషన్లోనే గుంపు వాళ్ళని గంటల తరబడి కొట్టింది. మా షూలున్‌కి అప్పటికే అరవై దాటాయి. ఆ రాత్రి చౌ ఆస్పత్రికి వెళ్ళి వాళ్ళని పరామర్శించాడు. మూడు రోజులకు పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. శాంతి అడిగినందుకు దెబ్బలు తిన్న ఆ మనుషుల్ని తలుచుకోకుండా ఈ చరిత్ర చెప్పకూడదని నా అభిప్రాయం.

తర్వాత రైల్లో జ్యూజియాంగ్, అక్కణ్ణుంచి బస్సులో లూషాన్ కొండ. మలుపులు తిరిగి తిరిగి మావాడికి వాంతులయ్యాయి. పైన మంచు, రాతి బంగళాలు. 1946 వేసవిలో చియాంగ్ రాజధాని వదిలి ఇక్కడికొచ్చేశాడు. చౌ కింద నాన్‌జింగ్‌లోనే ఉన్నాడు. అరవై అయిదేళ్ళ మార్షల్ జూలై నుంచి సెప్టెంబరు లోపు ఎనిమిదిసార్లు కొండెక్కాడు. నాన్‌జింగ్ నుంచి విమానం, ఆ తర్వాత మనుషులు మోసే డోలీ. మేమెక్కిన దారి చూశాక, ఆ ఎనిమిదిసార్లలో ఎంత ఓపిక ఉందో తెలిసింది. చియాంగ్ దంపతుల మెయ్‌లూ బంగళా ఇప్పుడు మ్యూజియం. వరండాలో నిలబడితే ఎదురుగా చెట్లు తప్ప ఏమీ కనిపించవు, కింద జరిగే యుద్ధం అసలే కనిపించదు.

అక్టోబరు 11న ప్రభుత్వ సైన్యం కమ్యూనిస్టుల చేతిలో ఉన్న జాంగ్‌జియాకోవ్ నగరాన్ని పట్టుకుంది. నవంబరు 19న చౌ కమ్యూనిస్టుల కేంద్రమైన యెనాన్ వెళ్ళిపోయాడు. ఎనిమిది, పది నెలల్లో కమ్యూనిస్టుల్ని తుడిచిపెడతానని డిసెంబరు 1న చియాంగ్ మార్షల్‌తో ధీమాగా చెప్పాడు. మార్షల్ 1947 జనవరి 8న బయల్దేరాడు. రెండు పక్షాల్లోని మొండివాళ్ళనీ తప్పుపడుతూ ప్రకటన చేశాడు.

కొండ దిగుతూ మావాడు, "ఆయన ఎప్పుడో వెళ్ళిపోవాల్సింది, టైం వేస్ట్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఉత్తర చైనాలో చాలాచోట్ల ఆ కాల్పుల విరమణ కొన్ని నెలలు నిలిచింది. ఆ నెలల్లో పొలం దున్నుకున్నవాళ్ళకి, పిల్లల్ని కన్నవాళ్ళకి అది వేస్ట్ కాదు కదా అన్నాను. జ్యూజియాంగ్ వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.