రెండు నీలం టిక్కులు

పొద్దున ఫోను తెరిస్తే, మా ఎమ్మెల్యేకు పంపిన వాట్సాప్ సందేశం పక్కన రెండు టిక్కులూ నీలంగా కనిపించాయి. చదివారు!

పంపింది ఒక్క ఫొటో. బడి ముందు కుంగిన కల్వర్టు, పిల్లలు దాటడానికి ఎవరో అడ్డంగా వేసిన తాటిదుంగ.

మధ్యాహ్నం ఆయన సహాయకుడు ఫోను చేశాడు. "అది పంచాయతీరాజ్ వాళ్లదా, ఆర్ అండ్ బీదా?" నాకు తెలియదు. పంచాయతీ కార్యదర్శిని అడిగి చెప్పాను.

ఇలాంటి పనికే మా నాన్న వినతిపత్రం పట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లేవారు, గంటలకొద్దీ గుమ్మంలో నిలబడేవారు. అయినా ఎమ్మెల్యే ఆయన ముఖం చూసి మాట్లాడేవారు. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మందే. సగటున ఒక్కొక్కరికి రెండు లక్షలకు పైగా ఓటర్లు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఇన్ని సందేశాల్లో నా దుంగ ఎంతసేపు గుర్తుంటుంది?

ఫొటో ప్రింటు తీయించాను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాను.