ప్లేటు మీద ఆకుపచ్చ చుక్కలు

పదకొండేళ్లుగా నా పని చుక్కలు లెక్కపెట్టడం. భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబులో టెక్నీషియన్‌ని. రైతులు సీసాలో చెరువు నీళ్లు, కవరులో రొయ్యలు తెస్తారు. ఆ నీటిని టీసీబీఎస్ అనే జెల్లీ ప్లేటు మీద పూసి ఒక రోజు వెచ్చగా ఉంచితే విబ్రియో బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా లేస్తుంది. చక్కెరను వాడుకోగలిగే రకాలు పసుపు రంగులో, వాడుకోలేనివి ఆకుపచ్చగా కనిపిస్తాయి. రైతుకు భయం ఆకుపచ్చవాటితోనే. ఫోను చేయగానే అడిగేది ఒకటే: "గ్రీన్ ఎన్ని వచ్చాయి మేడమ్?"

ఆ భయం ఊరికే రాలేదు. విబ్రియో పారాహీమోలిటికస్‌లో కొన్ని రకాలు విషం తయారుచేసి, రొయ్యకు కాలేయంలా పనిచేసే హెపాటోపాంక్రియాస్ అనే గ్రంథిని దెబ్బతీస్తాయి. పిల్ల వేసిన నెల రోజుల్లోనే చెరువు ఖాళీ అవుతుంది. చైనాలో బయటపడి, ఆ తర్వాత వియత్నాం, థాయ్‌లాండ్ రైతులను నిలువునా ముంచింది అదే. మా ల్యాబుకు వచ్చిన రొయ్యలో ఆ గ్రంథి పాలిపోయి కనిపించినప్పుడల్లా ఆ రైతు చేసిన అప్పులే నా కళ్ల ముందు మెదిలేవి. రొయ్యల కాలేయం గురించి అంత బెంగపడిన నేను నా కాలేయం ఎలా ఉందో ఒక్కసారీ చూపించుకోలేదు. షుగరు ఉంది, మాత్ర వేసుకుంటున్నాను, అంతే అనుకున్నాను.

మే నెలలో ఉప్పుటేరు వైపు ఉన్న మా అన్నయ్య చెరువులో రొయ్యల పట్టుబడి జరిగింది. కూలీలు తక్కువయ్యారని నేనూ తెల్లవారుజామునే వెళ్లి గట్టు మీద రొయ్యలు ఏరడానికి కూర్చున్నాను. ఒక రొయ్య తల మీది ముల్లు కుడి అరచేతిలో, బొటనవేలి కింద దిగింది. ఒక్క నెత్తుటి బొట్టు వచ్చింది. చెరువు నీళ్లలోనే చెయ్యి కడుక్కుని మళ్లీ పనిలో పడ్డాను. ఆ ముల్లు కంటే ఆ కడుక్కోవడమే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వేసవిలో నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుందని, వెచ్చని నీటిలో విబ్రియో విజృంభిస్తుందని ఎన్ని వందల మందికి చెప్పి ఉంటాను!

సాయంత్రానికి చెయ్యి బరువెక్కింది. అమ్మ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. రాత్రి వణికిస్తూ జ్వరం వచ్చింది. పైకి కొద్దిపాటి వాపే, నొప్పి మాత్రం దుప్పటి అంచు తగిలినా కేక వేసేంత. తెల్లవారేసరికి మణికట్టు దాకా ఊదారంగు బొబ్బలు లేచాయి. దగ్గరలో చూపించుకుంటే మాత్రలు రాసిచ్చి రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. మధ్యాహ్నానికే నాకు కళ్లు తిరిగి, మాట ముద్దగా వస్తుంటే అన్నయ్య కారులో వేసుకుని పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి సర్జన్ చెయ్యి చూసి, "ఎక్కడ తగిలిందమ్మా?" అని అడిగారు. "ఏదో ముల్లండీ" అన్నాడు అన్నయ్య. నాకు సగమే తెలివి ఉంది. అయినా చెప్పగలిగాను: "రొయ్య ముల్లు సార్. ఉప్పునీటి చెరువు. విబ్రియో ఏమో చూడండి." ఆయన మారు మాట్లాడలేదు. రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టించి, ఆ రాత్రే ఆపరేషన్ చేసి కుళ్లిన కణజాలం తీసేశారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే మోచేతి దాకా తీసేయవలసి వచ్చేదని తర్వాత చెప్పారు.

మూడో రోజున మైక్రోబయాలజిస్టు నా మంచం దగ్గరకు వచ్చి తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. టీసీబీఎస్ ప్లేటు. దాని నిండా ఆకుపచ్చ చుక్కలు. ప్రతి రోజూ చూసే చుక్కలే. ఇవి మాత్రం నా రక్తంలోంచి వచ్చినవి. విబ్రియో వల్నిఫికస్. ఆ పేరుకు గాయపరిచేది అని అర్థం. ఇది రక్తంలోకి చేరితే సగం మందికి పైగా చనిపోతారని ఆమె నాకు చెప్పలేదు, నేను ఇంటికి వచ్చాక చదువుకున్నాను. చెప్పనందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

అదే చెరువులో ఇరవై మంది దిగారు, వాళ్లకూ ముళ్లు గుచ్చుకుంటూనే ఉంటాయి. నాకే ఎందుకు వచ్చింది? జవాబు స్కానింగులో దొరికింది. ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వుతో కాలేయం గట్టిపడడం మొదలైంది. మద్యం ముట్టని మనిషిని, నమ్మలేకపోయాను. ఈ బ్యాక్టీరియాకు ఇనుము కావాలి. ఆరోగ్యంగా ఉన్న కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును తయారుచేసి, రక్తంలోని ఇనుమును దానికి అందకుండా దాచేస్తుంది. నా కాలేయం ఆ తలుపు మూయలేకపోయింది. విదేశాల్లో చాలామందికి ఇది ఆయిస్టర్లు అనే సముద్రపు గుల్లలను పచ్చిగా తినడం వల్ల వస్తుంది. మన ఇళ్లలో రొయ్యలను ఇగురు పెట్టి బాగా ఉడికించి తింటాం, ఆ వేడికి ఇది బతకదు. మనకు ప్రమాదం కంచం నుంచి కాదు, చేతి గాయం నుంచి.

ఆసుపత్రిలో ఇరవై ఆరు రోజులు ఉన్నాను. మూడుసార్లు శుభ్రం చేసి, తొడ నుంచి చర్మం తీసి అరచేతికి అతికారు. చెయ్యి కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది. నలభై మూడేళ్ల వయసులో అమ్మ నాకు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ఇంటికి వచ్చాక స్పాంజి బంతి నొక్కడం, గుండీ పెట్టుకోవడం, పెన్ను పట్టుకోవడం అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఉంగరం వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. షుగరు అదుపులోకి వచ్చింది, తొమ్మిది కిలోలు తగ్గాను.

ఒక్క విషయంలో మాత్రం నేను మారాను. చెరువులో యాంటీబయాటిక్ కలపాలని ఎవరైనా అంటే ఇదివరకు ఎగుమతికి సరుకు పనికిరాదని మెత్తగా చెప్పేదాన్ని. ఇప్పుడు చెయ్యి చాపి చూపిస్తున్నాను. నన్ను బతికించిన మందులు అవి. చెరువులో విబ్రియో వాటికి అలవాటు పడిపోతే రేపు గాయంతో వచ్చే మనిషికి ఏమి ఇస్తారు?

అక్టోబరులో తిరిగి ల్యాబులో చేరాను. మొదటి వారంలోనే ఒక పెద్దాయన నీళ్ల సీసాతో వచ్చారు. సీసా పట్టుకున్న చేతి మీద కొత్తగా చీరుకున్న గీత ఉంది. "షుగరు ఉందా బాబాయి గారూ?" అని అడిగాను. ఉందన్నారు. కుళాయి దగ్గరకు తీసుకెళ్లి మంచినీళ్లతో, సబ్బుతో కడిగించి, ఎరుపు ఎక్కడి దాకా ఉందో పెన్నుతో చుట్టూ గీత గీశాను. "ఈ గీత దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ఉప్పునీటి చెరువులో తగిలిందని ముందే చెప్పండి." ఆయన సరేనన్నారు. తర్వాత ఆయన తెచ్చిన నీళ్లను ప్లేటు మీద పూశాను.