ఎన్‌ఎస్‌ఎస్ లీడర్లూ, ముందు అటెండెన్స్ లెక్క చూసుకోండి

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్‌కి ఏడాదికి 120 గంటల సేవ. వారానికి పంచితే రెండున్నర గంటలు కూడా రావు. అయినా లీడర్ల చదువు ఎందుకు దెబ్బతింటోంది? సేవ వల్ల కాదు, పర్మిషన్ లెటర్ మీద సంతకం కోసం తిరగడం వల్ల, ఒకే విషయానికి ఇరవై ఫోన్లు చేయడం వల్ల.

సెమిస్టర్ మొదలవగానే మిడ్ పరీక్షలు, ల్యాబ్ ఇంటర్నల్స్ తేదీలు రాసుకోండి. వాటికి ముందు పది రోజులు ఏ కార్యక్రమమూ ఒప్పుకోవద్దు, ఎవరడిగినా సరే. 75 శాతం హాజరు కావాలంటే, 90 పనిదినాల్లో వదులుకోగలిగేది 22 రోజులే. ఆన్ డ్యూటీ లెటర్ (క్యాంపులో ఉన్న రోజులకు హాజరు వేయమనే లేఖ) లేకపోతే స్పెషల్ క్యాంపుకే ఏడు పోతాయి. మిగిలిన పదిహేనులోనే జ్వరాలూ, ఇంట్లో పెళ్లిళ్లూ. ఆ లెటర్ మీద హెచ్‌వోడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం క్యాంపుకి వెళ్లేముందే తీసుకోండి. వచ్చాక రిజిస్టర్‌లో పడిన ఆబ్సెంట్ దిద్దించడం చాలా కష్టం.

ఇంకోటి, ఇదే అసలైంది. రక్తదాన శిబిరానికి ‘ఎవరెవరు వస్తారు?’ అని గ్రూపులో అడిగితే అందరూ సరేనని బొటనవేలు ఎమోజీ పెడతారు, ఆ రోజు నలుగురే వస్తారు. మిగతా పనంతా లీడర్ నెత్తిన పడుతుంది. మనిషి పేరు, పని, టైము కలిపి విడిగా మెసేజ్ పెట్టండి: ‘నలభై కుర్చీలు, శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా సెమినార్ హాల్లో ఉండాలి, నీ బాధ్యత.’ గురువారం ఒక్కసారి గుర్తుచేస్తే చాలు.