గైరాంగెర్ ఫియోర్డ్ గోడల మీది పొలాలు

పడమటి నార్వేలో నిటారు కొండల నడుమకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ అయిన గైరాంగెర్ ఫియోర్డ్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది ఓడ పైఅంతస్తున నిలబడి, జలపాతాలకు ఫొటోలు తీసుకొని వెనుదిరుగుతారు. నీటి అంచు నుంచి నిట్టనిలువుగా లేచిన రాతిగోడల మీద అక్కడక్కడా కనిపించే పచ్చని చదునులు, వాటి మీద ఒదిగిన చెక్క ఇళ్లు వారికి ఆ దృశ్యంలో ఒక భాగంగానే తోస్తాయి. అవి తరతరాలుగా కుటుంబాలు బతికిన పొలాలని, వాటికి చేరే కాలిబాటలు ఆ కుటుంబాల రెక్కల కష్టమని తెలియాలంటే ఓడ దిగి నడవాలి.

వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది స్కాగెఫ్లో. అది నీటిమట్టానికి సుమారు 250 మీటర్ల ఎత్తున ఉంటుంది. పడవ దిగీ దిగగానే బాట నిలువునా పైకి లేస్తుంది. పిండి, ఉప్పు, పనిముట్లు ఏవైనా సరే మనిషి వీపు మీదే ఈ దారిన పైకి వెళ్లాలి, పైన తయారైన మేకపాల చీజ్ మళ్లీ ఇదే దారిన రేవుకు దిగాలి. మన గోదావరి లంకల్లో రేవు దాటితే గాని ఏ పనీ జరగనట్టే, ఇక్కడ ఈ బాట ఎక్కి దిగితే గాని పూట గడిచేది కాదు. శిస్తు వసూలుకు అధికారి వస్తున్నాడంటే బాటలోని నిచ్చెనను పైకి లాగేసేవారని, చిన్నపిల్లలు అంచు దాటి పడిపోకుండా నడుముకు తాడు కట్టి ఉంచేవారని అక్కడ చెప్పుకుంటారు.

ఇంత ప్రమాదకరమైన చోట కాపురం ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు గడ్డిలో ఉంది. నార్వే మొత్తం భూమిలో సాగుకు పనికివచ్చేది దాదాపు 3 శాతమే కనుక, నాలుగు మోపుల ఎండుగడ్డి దొరికే ప్రతి చదునుకూ విలువ ఉండేది. ఆవు కాలు మోపలేని రాతి అంచుల మీద కూడా మేక మేయగలదు. అయితే ఆ కొండే వారిని తరిమింది కూడా. ఎదుటి ఒడ్డున సెవెన్ సిస్టర్స్ జలపాతం పక్కనున్న క్నివ్స్‌ఫ్లో అనే పొలాన్ని, పైన వేలాడే బండ విరిగిపడుతుందన్న భయంతో 1898లో ఖాళీ చేశారు. ఆ భయం ఉత్తది కాదు: 1934లో సమీపంలోని టాఫ్యోర్డ్‌లో కొండచరియ నీటిలో కూలగా లేచిన అలలకు 40 మంది చనిపోయారు.

స్కాగెఫ్లోలో ఇంటి చూరును దగ్గరగా చూడండి. పలకల మీద భూర్జవృక్షపు బెరడును పొరలు పొరలుగా పరిచి, దానిమీద గడ్డి మొలిచిన మట్టిపెళ్లలు కప్పుతారు. వాన నీటిని ఆపేది బెరడు, దాన్ని కదలకుండా అదిమిపెట్టేది మట్టి. పట్టించుకునే మనిషి లేకపోతే బెరడు చిరిగి దూలాలు కుళ్లుతాయి, గడ్డి కోయని పొలాన్ని పొదలు ఆక్రమిస్తాయి, నడవని బాట కనుమరుగవుతుంది. అందుకే 1975లో ఏర్పడిన స్టోర్‌ఫ్యోర్డెన్స్ వెన్నర్ అనే స్వచ్ఛంద సంస్థ సభ్యులు చేసే మరమ్మతులంటే నాకు ఎంతో గౌరవం. రాజు హెరాల్డ్, రాణి సోన్యా 1993లో తమ వివాహ రజతోత్సవాన్ని స్కాగెఫ్లోలో జరుపుకున్నారు, 2005లో ఈ ఫియోర్డ్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కానీ ఆ చూరును నిలబెడుతున్నది ఇలా వచ్చి బెరడు మార్చే చేతులేనని నా నమ్మకం.

వెళ్లదలచినవారు వేసవిలో, రాయి పొడిగా ఉన్న రోజున వెళ్లడం మంచిది. పడవలో స్కాగెఫ్లో రేవుకు చేరి, పొలం చూసుకొని, అక్కడి నుంచి ఇంకా పైకి ఎక్కి హోమ్‌లాంగ్ అనే చోటి వైపు దిగితే గైరాంగెర్ ఊరికి నడిచే చేరవచ్చు. నిటారు ఎక్కుడు వద్దనుకునేవారు హోమ్‌లాంగ్ నుంచే బయలుదేరి, పోగలిగినంత దూరం పోయి వెనక్కి రావచ్చు. సాగుచేయని భూముల్లో ఎవరైనా నడవవచ్చునని నార్వేలో 1957 నాటి చట్టం చెబుతోంది గాని, పండించే పొలానికీ ఇంటి ముంగిలికీ ఆ వెసులుబాటు వర్తించదు. కాబట్టి బాట విడిచి గడ్డి తొక్కకండి, దాటిన ప్రతి తడికనూ మళ్లీ మూయండి.